యోయో బేరింగు పరిచర్య

1928లో ఫిలిప్పీన్సు దేశీయుఁడైన పెడ్రో ఫ్లోరెస్ కాలిఫోర్నియాలో యోయోల కార్ఖానా నెలకొల్పిన నాఁడు యోయో యిరుసు వట్టి కొయ్యయే. 1990లో శాన్‌ఫ్రాన్సిస్కో దంతవైద్యుఁడు టామ్ కూన్ బాల్‌బేరింగు గల యోయోను వెలయించెను, బేరింగుతోఁ బాటు దానికి పరిచర్యయు వచ్చెను.

ఆ పరిచర్య యెఱిఁగినవాని చేతులు చూడఁదగినవి. అర అంగుళపు వ్యాసము గల బేరింగును ఇరుసునుండి యూడఁదీసి, ప్రక్కరేకును బిగించి పట్టిన వెంట్రుకవంటి తీఁగచుట్టును సూదిమొనతోఁ బైకెత్తునపుడు, అది చివుక్కున నెగిరిపోకుండ బొటనవ్రేలు అడ్డముంచుటలోనే సగము విద్య యున్నది. రేకు తొలఁగిన పిదప, కిటికీ తెఱచి, నిప్పునకు దూరముగ, అసిటోనులో నుంచి కుదిపినచో, తుప్పు పట్టకుండఁ బూసిన నూనెయు, త్రాటినుండి రాలిన నూలుపీఁచును బేరింగును వదలిపోవును. ఆరిన తరువాత పలుచని నూనె ఒక్క బొట్టు. అదియు నధికమనువారు కలరు, నాకును వారి మాటయే సరి. చిక్కని నూనె వేసినచో యోయో కొద్దిపాటి కుదుపునకే చేతికి ఎగఁబ్రాఁకును. పలుచనిది వేసినచో త్రాటి చివరఁ జిరకాలము తిరుగుచు, ఆటగాఁడు త్రాటిని మడిచి యిఱికించిననే గాని మరలి రాదు.

క్రొత్త బేరింగు చేయు రొదకు మాత్రము మందు లేదు. గోళీలును, అవి దొర్లు గాడియు ఒండొంటి కలవాటు పడుదాఁక ఆడుచుండవలసినదే.