నిలువు గీత నేర్పే విద్య

ఒక పాఠంలో ఎక్కువసార్లు వచ్చే మాటలేవో, ఒక్కొక్కటి ఎన్నిసార్లు వచ్చిందో చెప్పే ప్రోగ్రామ్ రాయమని జాన్ బెంట్లీ 1986లో కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ కనూత్‌ను అడిగారు. ‘కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం’ పత్రికలో తాను నడిపే శీర్షిక కోసం ఆ కోరిక. కనూత్ ఈ లెక్కకని ప్రత్యేకంగా ఒక డేటా స్ట్రక్చర్ కట్టి, వ్యాఖ్యానంతో సహా పేజీల కొద్దీ రాశారు. దాన్ని సమీక్షించిన డగ్ మెకిల్‌రాయ్ అదే పనిని ఆరు కమాండ్లతో ముగించారు. వరుసకో మాట చొప్పున విడదీయడం, పెద్ద అక్షరాలను చిన్నవి చేయడం, సార్ట్ చేయడం, యూనిక్‌తో లెక్కించడం, ఆ లెక్క ప్రకారం మళ్లీ సార్ట్ చేయడం, పైనున్న కొన్ని వరుసలు మాత్రం ఉంచుకోవడం. అంతే.

కమాండ్లను కలిపే నిలువు గీతే పైపు. తోటలో నీళ్ల గొట్టాలు బిగించుకున్నట్టు ప్రోగ్రాములను ఒకదానికొకటి తగిలించే వీలుండాలని మెకిల్‌రాయ్ 1964లోనే బెల్ ల్యాబ్స్‌లో ఒక చీటీ రాసి పెట్టారు. అది యూనిక్స్‌లోకి రావడానికి ఎనిమిదేళ్లకు పైగా పట్టింది. యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ కూర్చున్నాక మాత్రం ఒక్క రాత్రిలో అయిపోయింది.

ఈ విద్య సర్వర్లు చూసుకునేవాళ్లకు రోజూ తిండి పెడుతుంది. వెబ్‌సైట్ ఉన్నట్టుండి నెమ్మదించిందనుకోండి. యాక్సెస్ లాగ్‌లో సాధారణంగా ప్రతి వరుసలో మొదటి ముక్క ఐపీ అడ్రస్. ఆక్‌తో ఆ ముక్కను తీసి, సార్ట్‌కు పంపి, హైఫన్ సి పెట్టిన యూనిక్‌తో లెక్కించి, అంకెల ప్రకారం తిరగేసి సార్ట్ చేసి, హెడ్‌తో పై పది వరుసలు చూస్తే ఎవరు తలుపు బాదుతున్నారో తెలిసిపోతుంది. మధ్యలో మొదటి సార్ట్ ఎందుకంటే, యూనిక్‌కు పక్కపక్కన ఉన్న వరుసలను పోల్చడం మాత్రమే వచ్చు. రెండో సార్ట్‌కు హైఫన్ ఎన్ అలవాటు చేసుకోవడం మంచిది. అది లేకుండా సార్ట్ అంకెలను అక్షరాల్లా చూస్తుంది, మామూలుగా 10ని 9 కంటే ముందు నిలబెడుతుంది.

పైపులో కమాండ్లు ఒకటి ముగిశాక ఒకటి కాదు, అన్నీ ఒకేసారి నడుస్తాయి. లినక్స్‌లో పైపు మామూలుగా 65,536 బైట్లు పట్టుకుంటుంది. అది నిండితే రాసేవాడు ఆగుతాడు, ఖాళీ అయితే చదివేవాడు ఎదురుచూస్తాడు. అందుకే గ్రెప్ ఎంత పెద్ద లాగ్‌నైనా మెమరీ నింపకుండా జల్లెడ పడుతుంది. సార్ట్ తీరు వేరు. చివరి వరుస వచ్చేదాకా మొదటిది ఏదో తేల్చలేదు కాబట్టి, అంతా చదివాకే నోరు విప్పుతుంది.

దెబ్బ తగిలే చోట్లు కొన్నే, కానీ గట్టివి. ఫైలును సార్ట్ చేసి, ఫలితాన్ని బాణం గుర్తుతో అదే ఫైలులోకి పంపితే మిగిలేది ఖాళీ ఫైలు. సార్ట్ మొదలవకముందే షెల్ దాన్ని తుడిచేస్తుంది. హైఫన్ ఓ వాడితే ఆ గండం లేదు. పేర్ల మధ్య ఖాళీలున్న ఫైళ్లను ఫైండ్ నుంచి ఎక్స్‌ఆర్గ్స్‌కు పంపితే ఒక పేరు రెండు ముక్కలవుతుంది. పంపేవైపు ప్రింట్ జీరో, అందుకునేవైపు హైఫన్ జీరో పెడితే పేరు విరగదు. బ్యాష్‌లో పైప్‌లైన్ మొత్తానికి గెలుపోటములు చివరి కమాండే చెబుతుంది. మధ్యలో ఏది కూలినా తెలియాలంటే స్క్రిప్ట్ మొదట్లోనే పైప్‌ఫెయిల్ ఆన్ చేయాలి.

తెలుగు పాఠానికి మెకిల్‌రాయ్ వరుస యథాతథంగా పనికిరాదు. మొదటి కమాండే ఏ నుంచి జెడ్ వరకు కానిదంతా పారేస్తుంది. ఖాళీల దగ్గర విడదీయమంటే చాలు, మిగతాది నడుస్తుంది. మనకు పెద్ద చిన్న అక్షరాలు లేవు కాబట్టి రెండో కమాండ్ అక్కర్లేదు. లెక్కలతో మాత్రం జాగ్రత్త. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడేసి బైట్లు. ‘తెలుగు’ అన్న మాటను డబ్ల్యూసీకి ఇస్తే, వరుస చివరి గుర్తు కాకుండా, హైఫన్ సి 18 అంటుంది, లొకేల్ సరిగ్గా ఉంటే హైఫన్ ఎమ్ 6 అంటుంది, మన కంటికి కనిపించేవి మూడు అక్షరాలు.

కనూత్ ఓడిపోయారని ఈ కథ చెప్పేవాళ్లున్నారు. అది సరికాదు. వివరిస్తూ ప్రోగ్రామ్ రాసే తన పద్ధతిని చూపించడం ఆయనకు అప్పగించిన పని. పైగా ఆ ఆరు కమాండ్లను ఎవరో ముందే రాసి, సరిచేసి, అందరి చేతికీ ఇచ్చి ఉండకపోతే ఆ పొట్టి వరుస పుట్టేదే కాదు.

ఒక్క వరుస పొట్టిగా ఉండటం గొప్ప కాదు. ఏ గీత దగ్గరైనా ఆపి, అక్కడిదాకా ఏం వచ్చిందో కళ్లారా చూసుకోవచ్చు, గొప్పంతా అందులో ఉంది. ఎక్కడో దొరికిన వరుసను అతికించి రూట్ అధికారంతో ఎంటర్ కొట్టేవాడికి ఆ లాభం దక్కదు. ముందు మొదటి కమాండ్ ఒక్కటే నడపాలి. తర్వాత రెండోది కలపాలి. ఫైళ్లు తీసేసే ఆర్‌ఎమ్ చివర ఉంటే, దాని ముందు ఎకో పెట్టి, ఏవి పోతాయో జాబితా చదివాకే ఆ ఎకో తీసేయాలి.