పెంకు తూచిన మనిషి

డేగలు మరీ ఎక్కువైపోయి తమ పక్షుల్ని ఎత్తుకుపోతున్నాయని పావురాల పందేలవాళ్లు గోల పెట్టడంతో, 1961లో బ్రిటన్‌లో పెరిగ్రిన్ డేగల లెక్క మొదలైంది. పెరిగ్రిన్ అంటే మన భైరి డేగే. లెక్క బాధ్యత శాస్త్రవేత్త డెరెక్ రాట్‌క్లిఫ్‌ది. తీరా చూస్తే చాలాచోట్ల గూళ్లు ఖాళీ.

రాట్‌క్లిఫ్‌ను మరో విషయం ఎప్పట్నుంచో తొలుస్తోంది. 1950ల మొదట్నుంచీ కొండచరియల మీది గూళ్లలో ఆయనకు పగిలిన గుడ్లు కనిపిస్తూనే ఉన్నాయి. తల్లి తన గుడ్డును తానే తినడమూ చూశాడు. విషం తిని పక్షి చస్తే కళేబరం దొరుకుతుంది, కోసి చూడొచ్చు. ఇక్కడ తల్లి బతికే ఉంది, వేటాడుతోంది, గుడ్డు పెడుతోంది. ఆ గుడ్డే పొదిగేదాకా నిలవడం లేదు. పెంకు పలచబడిందా అంటే, పాత పెంకు ఏదీ పోల్చడానికి?

పాత పెంకులు సొరుగుల్లో ఉన్నాయి. బ్రిటన్‌లో ఒకప్పుడు గుడ్లు పోగెయ్యడం పెద్ద సరదా. సన్నటి బెజ్జం చేసి, సొన ఊది తీసేసి, తేదీ, చోటు రాసి దాచుకునేవాళ్లు. గూళ్లు దోచిన ఆ పనిని నేను మెచ్చుకోలేను. కానీ ఆ తేదీలు లేకపోతే ఈ కథే లేదు.

మందం కొలుద్దామంటే పెంకు పగలగొట్టాలి, దానికి ఎవరు ఒప్పుకుంటారు? అందుకే రాట్‌క్లిఫ్ తూచాడు. పెద్ద గుడ్డు ఎలాగూ బరువే కాబట్టి, మిల్లీగ్రాముల తూకాన్ని మిల్లీమీటర్లలోని పొడవు, వెడల్పుల లబ్ధంతో భాగించాడు. ఉదాహరణకు, 50 పొడవు, 40 వెడల్పు ఉన్న గుడ్డు పెంకు 3,600 తూగితే 1.8 వస్తుంది. అదే కొలతల పెంకు 2,900 తూగితే 1.45. చూపుకి రెండూ ఒకటే, చేతిలో పెట్టుకున్నా తేడా తెలియడం కష్టం. త్రాసు, కొలబద్ద, ఒక్క భాగహారం, అంతే. గుడ్డు మళ్లీ చెక్కుచెదరకుండా సొరుగులోకి వెళ్లిపోతుంది. ఇంత సున్నితమైన పనిముట్టు పరిశోధనలో నాకు ఎక్కువగా తారసపడలేదు.

ఏడాదివారీగా పేర్చితే, 1947 ప్రాంతంలో ఈ భాగఫలం ఒక్కసారిగా పడిపోయింది. పెరిగ్రిన్ పెంకు బరువు సుమారు 19 శాతం తగ్గింది. పిచ్చుక డేగలోనూ అదే తగ్గుదల. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక డీడీటీ అనే పురుగుమందు వాడకంలోకి వచ్చిన కాలం అది. 1967లో ఇదంతా 'నేచర్' పత్రికలో మూడే పేజీల్లో అచ్చయింది. మరుసటి ఏడాది అమెరికాలో హికీ, ఆండర్సన్ అనే పరిశోధకులు అక్కడి మ్యూజియం గుడ్లలోనూ ఇదే చూశారు. 1969లో డీడీటీ విరిగితే వచ్చే డీడీఈని మేతలో కలిపి బాతులకు పెడితే, వాటి పెంకులూ పలచబడ్డాయి.

అన్నిటికంటే నాకు నచ్చింది ఆ 1947. డేగల సంఖ్య కుప్పకూలింది 1950ల రెండో సగంలో, డీల్డ్రిన్ లాంటి పురుగుమందులు పట్టించిన విత్తనాలు పొలాల్లోకి వచ్చాక. ఆ చావులు అందరి కంటా పడ్డాయి. పెంకు పలచబడడం మాత్రం అంతకు దాదాపు పదేళ్ల ముందే మొదలైంది, పక్షుల లెక్క ఇంకా నిండుగా ఉన్నప్పుడే. ఆ సంగతి ఆ ఏళ్లలో గూళ్లెక్కి గుడ్లు తెచ్చుకున్నవాళ్ల సొరుగుల్లో, వాళ్ల చేతిరాత తేదీల పక్కనే, ఇరవై ఏళ్లు ఎవరూ తూచకుండా ఉండిపోయింది.