కాలం తెలిస్తేనే నవ్వు

“మీ అబ్బాయి ఏం చేస్తాడు?” “ఉద్యోగం చేస్తాడు.” “ఎక్కడ?” “ఎక్కడ దొరికితే అక్కడ.” ఈ మాటలకు నవ్వు రావాలంటే తెలుగు క్రియ గుట్టు ఒకటి తెలిసి ఉండాలి. రోజూ చేసే పనికీ, ఇకమీదట చేయబోయే పనికీ మనకు ‘చేస్తాడు’ అన్న రూపం ఒక్కటే ఉంది. భాషావేత్తలు భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి 1985లో వెలువరించిన ఆధునిక తెలుగు వ్యాకరణం కూడా అలవాటునూ భవిష్యత్తునూ ఒకే కాలం కింద చూపింది. అడిగినాయన అలవాటు సంగతి అడిగాడు, జవాబిచ్చినాయన భవిష్యత్తు చెప్పాడు. భూత, భవిష్యత్, వర్తమానాల పట్టిక వల్లెవేసిన పిల్లవాడికి ఈ తేడా తగలదు, ఎందుకంటే పట్టికలో గడికొక కాలమే ఉంటుంది. నవ్వినవాడు మాత్రం రెండు కాలాలనూ ఒక్క క్షణంలో మనసులో పట్టుకున్నాడు. అందుకే క్రియల కాలాలు నేర్పే పాఠంలో హాస్యం చివర్లో పంచే మిఠాయి కాకూడదని, పాఠమే దాని మీద నడవాలని నా వాదన.

ఇందుకు వెలుగోడు, నంద్యాల, ఆళ్లగడ్డ వైపు పలుకుబడి కంటే మంచి ఆధారం నాకు కనిపించదు. ఈ వైపు పల్లెల్లో, ఇంకా కిందికి కడప దాకా, ‘చేస్తా’ను ‘చేచ్చా’ అనీ ‘చూస్తా’ను ‘చూచ్చా’ అనీ పలికేవాళ్లు చాలామంది. అదే వరసలో ‘ఇస్తారు’ కాస్తా ‘ఇచ్చారు’ అవుతుంది, ‘వస్తాడు’ ‘వచ్చాడు’ అవుతుంది. కోస్తా చెవికి అది జరిగిపోయిన పని, ఇక్కడి నోటికి జరగబోయే పని. జరిగిపోయిందని చెప్పాలంటే ‘ఇచ్చినారు’, ‘వచ్చినాడు’ అంటారు. కోస్తా నుంచి ఇక్కడికి బదిలీ మీద వచ్చిన ఉద్యోగి ఒకాయన “కాలవకు నీళ్లిచ్చారంట” అన్న మాట విన్నాడనుకుందాం. నీళ్లు వదిలేశారనుకుని “మరి నారు పోశావా?” అని రైతును అడుగుతాడు. “ఇచ్చినాక పోచ్చా సార్” అని జవాబొస్తుంది. ఆ మూడు మాటల్లో గతమూ ఉంది, రాబోయేదీ ఉంది. ఆయకట్టు రైతుకు ఆ రెంటి మధ్య తేడా మీదే పంట ఆధారపడి ఉంటుంది కూడా. ఇందులో ఎవరి మాటా తప్పు కాదు. ‘ఇచ్చినాడు’ను కోస్తా ‘ఇచ్చాడు’గా కుదించుకుంది. రాయలసీమ దాన్ని కుదించకుండా నిలుపుకుని, ‘స్త’ను ‘చ్చ’ చేసుకుంది. వేర్వేరు దారుల్లో నడిచిన రెండు కాలాలు ఒకే ధ్వని దగ్గర ఎదురుపడ్డాయి. ఇంత సంగతిని ఒక చిన్న పొరపాటు సంభాషణ చెప్పగలిగినప్పుడు దాన్ని క్లాసు బయట నిలబెట్టడం నాకు నచ్చదు.

ఇది మన భాషకే పరిమితమైన వింత కాదు. అమెరికా బడుల్లో స్పానిష్ తీసుకునే తెలుగు పిల్లలు ఉన్నారు. వాళ్లలో కొందరు సెలవు రోజుల్లో, 2007లో సిలికానాంధ్ర మొదలుపెట్టిన మనబడిలో తెలుగూ చదువుతారు. స్పానిష్‌లో ‘ఆబ్లామోస్’ అంటే ‘మాట్లాడతాం’, ‘మాట్లాడాం’ రెండూ. ‘ఆబ్లో’ను ముందు అక్షరం ఒత్తి పలికితే ‘నేను మాట్లాడతాను’, చివర ఒత్తితే ‘అతను మాట్లాడాడు’. ఇక గతంలోనే రెండు రకాలున్నాయి. ఒకసారి పాడితే ‘కాంతో’, పాడే అలవాటుంటే ‘కాంతాబా’. ఇంగ్లీషు ఒక్కటే తెలిసిన పిల్లలు ఇక్కడ బాగా తడబడతారు. తెలుగు పిల్లలకు ఇంట్లోనే ‘పాడాడు’, ‘పాడేవాడు’ ఉన్నాయి. “మా ఎమ్మెల్యే ఊరికి వచ్చేవాడు.” “మరిప్పుడు?” “గెలిచాడు.” ఈ జోకులో ‘వచ్చేవాడు’ బదులు ‘వచ్చాడు’ పెట్టి చూడండి, నవ్వు చచ్చిపోతుంది. కాలం మారిస్తే చెడిపోయే జోకే ఈ పాఠానికి పనికొస్తుంది. ఎలా మార్చినా నవ్వించేది కాలక్షేపానికి సరే, వ్యాకరణానికి కాదు.

రూపాలు ముందే తెలియనివాడు ఎలా నవ్వుతాడని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. హాస్యం కొత్త రూపాన్ని పరిచయం చేయలేదు, ఆ పని పట్టికదే. కానీ పట్టికలో చూసినదాన్ని నోట్లో నిలిపే పని పట్టికకు చేతకాదు. నవ్వులో పడితే మిగతా పాఠం మరుగున పడుతుందన్న భయంలోనూ కొంత నిజముంది. మనస్తత్వ శాస్త్రవేత్త స్టీఫెన్ ష్మిట్ 1994లో ప్రచురించిన ప్రయోగాల్లో, మామూలు వాక్యాలతో కలిపి ఇచ్చినప్పుడు హాస్య వాక్యాలు మిగతావాటికంటే బాగా గుర్తున్నాయి. విడిగా హాస్యమే ఇస్తే ఆ లాభం కనిపించలేదు. పైగా కలిపి ఇచ్చినప్పుడు పక్కనున్న మామూలు వాక్యాలు కొంత మరుగున పడ్డాయి. నేను దీన్ని హెచ్చరికగానే తీసుకుంటాను. జోకులు తక్కువ ఉండాలి, గుర్తుండాల్సిన క్రియ జోకులోనే ఉండాలి.

అసలు బరువైన అభ్యంతరం మరొకటి. సీమ మాటను సినిమాలు ఏళ్ల తరబడి కత్తులు దూసేవాడి నోటికో, నవ్వించేవాడి నోటికో అంటగట్టాయి. మళ్లీ బడిలోనూ దాన్ని నవ్వులపాలు చేస్తారా అని ఆళ్లగడ్డ తల్లిదండ్రులు కోప్పడితే ఆ కోపం నాకు సబబే. ఎగతాళి ఏం చేస్తుందో పదకొండో శతాబ్దంలో సోమదేవుడు కూర్చిన కథాసరిత్సాగరంలో ఉంది. జలక్రీడలో రాణి నీళ్లతో కొట్టవద్దని సంస్కృతంలో ‘మోదకైః’ (మా ఉదకైః, ‘నీళ్లతో వద్దు’) అంటే, సంధి విడదీయలేని శాతవాహన రాజు మోదకాలు తెప్పించాడు. రాణి నవ్వింది, పరివారమూ నవ్వింది. రాజు సిగ్గుతో మంచం పట్టి ఎవరితోనూ మాట్లాడలేదు. పండితుడు గుణాఢ్యుడు ఆరేళ్లలో వ్యాకరణం నేర్పుతానంటే మరో పండితుడు శర్వవర్మ ఆరు నెలలన్నాడు. కాతంత్ర వ్యాకరణం అలా పుట్టిందని కథ. ఆ నవ్వు ఒక వ్యాకరణాన్ని పుట్టించిందని మురిసిపోయేవాళ్లున్నారు. నాకు మాత్రం ముందు నోరు మూతపడిన మనిషి కనిపిస్తాడు. అతను రాజు కాబట్టి ఇద్దరు పండితులు పరుగెత్తుకొచ్చారు. నాలుగో తరగతి పిల్లకు ఆ వసతి ఉండదు. కాబట్టి నవ్వు మాట్లాడినవాళ్ల మీద పడకూడదు, రెండు కాలాలు ఒకే ధ్వనిలో దూరిన తమాషా మీద పడాలి.

ఆ పని టీచరు చేతిలోనే ఉంది. “రేపు వచ్చా టీచర్” అన్న అమ్మాయిని ‘వస్తా’ అని దిద్ది కూర్చోబెట్టకుండా, ‘వచ్చా’, ‘వచ్చినా’ రెంటినీ ఆమెతోనే చెప్పించాలి. బయటి ఊరి నుంచి వచ్చిన పిల్లలు ఏది ఎప్పుడు జరిగిందనుకున్నారో అడగాలి. వాళ్లు పొరబడిన చోటును విడమర్చి చెప్పే బాధ్యతా ఆ అమ్మాయికే ఇవ్వాలి. పరీక్షలో వాడే ‘వస్తాను’ను నల్లబల్ల మీద రాయాల్సింది ఆ తర్వాత.