నలుచదరపు బంతి

ఫోన్ యాప్‌లకు ఐకాన్లు గీయడం నా పని. 24 పిక్సెళ్ల చదరంలో భూతద్దం, బుట్ట, గంట ఇమడాలి. అంచు అర పిక్సెల్ పక్కకు జరిగినా చిన్న తెర మీద బొమ్మ అలుక్కుపోతుంది. ఆ అర పిక్సెల్ సరిచేస్తూ పూటలకు పూటలు కూర్చున్నాను. మొన్న నేను గీసిన నోటిఫికేషన్ గంట వేరే వాళ్ల యాప్‌లో కనిపించింది. ఫోన్ చేసి అడిగితే, "ఒక సున్నా, నాలుగు గీతలు. దానికి కూడా కాపీరైటా మేడమ్?" అన్నారు.

ఆ మాటలో సగం నిజమే. సున్నా మీద, గీత మీద ఎవరికీ హక్కు ఉండకూడదు. ఉంటే రేపు నేను దేనితో గీయాలి?

మిగతా సగం కోసం వెతుకుతుంటే అటారీ వాళ్ల బ్రేకౌట్ గుర్తొచ్చింది. 1976 నాటి వీడియో ఆట. పైన ఇటుకల వరసలు, కింద ఒక పలక, మధ్యలో ఎగిరే బంతి. అన్నీ మామూలు ఆకారాలేనంటూ అమెరికా కాపీరైట్ కార్యాలయం దాన్ని నమోదు చేయలేదు. వివాదం రెండుసార్లు అప్పీలు కోర్టుకెక్కింది. 1989లోనూ 1992లోనూ తీర్పు రాసింది రూత్ బేడర్ గిన్స్‌బర్గ్, అప్పటికి ఆవిడ ఇంకా సుప్రీంకోర్టుకు వెళ్లలేదు. హక్కు ఉందని ఆవిడ తేల్చలేదు గానీ, ఆకారాలను విడదీసి కాదు, ఆటను మొత్తంగా చూడాలంటూ రెండుసార్లూ వెనక్కి పంపారు. ఆవిడ చూపు ఆగిన చోట్లు నాకెంతో ఇష్టం. బంతి గుండ్రంగా లేదు, నలుచదరంగా ఉంది. పలక ఆట మధ్యలో కుంచించుకుపోతుంది. ఇటుకలవి మామూలు గోడ రంగులు కావు. నాలాంటి పని చేసేవాళ్లు చూసే చూపు అది.

హద్దు కూడా ఉండాలి. మైక్రోసాఫ్ట్ మీద ఆపిల్ 1988లో వేసిన దావా ఓడిపోయింది. తెర మీద కిటికీలు, ఫైళ్ల బొమ్మలు అనే ఆలోచన ఒక్కరి సొత్తు కాదని కోర్టులు చెప్పడం న్యాయమే. మెకింటోష్‌కు గళ్ల కాగితం మీద ఐకాన్లు గీసిన సూసన్ కేరే, తర్వాత విండోస్ 3.0కీ గీశారు.

గంట అనే ఆలోచన నాదీ కాదు. కానీ నిటారుగా గీస్తే మోగుతున్నట్టు అనిపించక, దాని నాలుకను కాస్త ఎడమకు వాల్చాను. కుడి అంచున దిద్దడం మరిచిన చిన్న వంకర కూడా ఉంది. వాళ్ల గంటలో ఆ వాలూ ఉంది, నా వంకరా ఉంది. నిన్న పాత ఫైళ్లు వెతికి, కొట్టేసిన 14 చిత్తులూ తేదీలతో సహా వాళ్లకు పంపాను.