మందు వేయడం, మందు పట్టడం: శునకాల రేబీస్ టీకా విధానాలపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

శునకాల ద్వారా సంక్రమించే రేబీస్‌ను 2030 నాటికి నిర్మూలించాలన్న లక్ష్యంతో భారతదేశంలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక 2021లో వెలువడింది. జంతు జనన నియంత్రణ నియమాలు 2023లో అమలులోకి వచ్చాయి. ఈ రెండు విధానపత్రాలూ శునకాల టీకాకు ప్రాధాన్యమిచ్చాయి. అయితే ఆచరణలో వేసిన మోతాదుల సంఖ్యే ఫలితానికి కొలమానంగా స్థిరపడుతోంది. టీకా వేయడానికీ, శునక సమూహంలో రక్షణ నిలవడానికీ మధ్య ఉన్న అంతరాన్ని పరిశీలించి, దాన్ని తగ్గించే మార్గాలను విశ్లేషించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: రేబీస్, శునకాల టీకా, సమూహ రక్షణ, శీతల గొలుసు, జనన నియంత్రణ, గోవా.

1. ఉపోద్ఘాతం

'కుక్క కాటుకు చెప్పుదెబ్బ' అన్నది తెలుగువారి సామెత. కాటు జరిగిన తరువాతనే ప్రతిక్రియ మొదలవుతుందన్న భావన అందులో ఉంది. రేబీస్ విషయంలోనూ సమాజం దృష్టి చాలాకాలం ఇలాగే సాగింది. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ రూపొందించిన నాడీకణజాల టీకా దశాబ్దాల తరబడి దేశమంతటా వాడుకలో నిలిచింది. బొడ్డు చుట్టూ వేయించుకొన్న సూదుల జ్ఞాపకం పాతతరం వారిలో ఇప్పటికీ ఉంది. తరువాత సురక్షితమైన కణవర్ధన టీకాలు వచ్చాయి. చికిత్స మారింది. కానీ కరిచిన కుక్క కంటే కాటుకు గురైన మనిషి మీదనే దృష్టి నిలిచిపోయింది.

దీనికి భిన్నమైన మార్గం కొత్తదేమీ కాదు. జపాన్‌లో ఉమెనో, దోయి అనే శాస్త్రజ్ఞులు రూపొందించిన టీకాను 1920ల తొలినాళ్లలోనే కుక్కలకు సామూహికంగా వేశారు. 1950లో ఆ దేశం రేబీస్ నివారణ చట్టం తెచ్చింది. పెంపుడు కుక్కల నమోదు, తప్పనిసరి టీకా, వీధికుక్కల నియంత్రణ కలిసి నడవడంతో 1957 తరువాత అక్కడ దేశీయంగా వ్యాధి కనబడలేదు. మానవులలో రేబీస్ మరణాలకు అత్యధికంగా కుక్కకాటే కారణమని, 5 నుంచి 14 ఏళ్ల పిల్లలు తరచుగా దీని బారిన పడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. లక్షణాలు బయటపడ్డాక ఈ వ్యాధి దాదాపుగా ప్రాణాంతకమే. కనుక కుక్కకు వేసిన మందు నిజంగా పట్టిందా లేదా అన్నది పశువైద్యానికి మాత్రమే పరిమితమైన ప్రశ్న కాదు. వీధిలో ఆడుకొనే పిల్లల ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న.

2. 70 శాతం అనే అంకె

ఒక నిర్దిష్ట ప్రాంతంలోని కుక్కలలో కనీసం 70 శాతానికి ఏటా, వరుసగా మూడేళ్లపాటు టీకా వేయాలని జాతీయ ప్రణాళిక నిర్దేశించింది. ఈ అంకెను పరీక్షలో ఉత్తీర్ణతకు కావలసిన మార్కులవలె అర్థం చేసుకోవడం సర్వసాధారణమైంది. దాని వెనుకనున్న తర్కం వేరు. వ్యాధి సోకిన ఒక కుక్క సగటున రెండు కుక్కలకంటే తక్కువ వాటికే వ్యాధిని అంటిస్తుంది. ఆ సగటు ఒకటిన్నర అనుకొంటే, సమూహంలో మూడోవంతు కుక్కలకు రక్షణ ఉన్నా వ్యాధి గొలుసు తెగుతుంది. మరి 70 శాతం ఎందుకు? టీకా పొందిన కుక్కలు చనిపోతాయి, కొత్త కూనలు పుడతాయి. మరుసటి ఏడాది టీకా వేసేనాటికి కూడా రక్షణ ఆ మూడోవంతు కంటే పైన నిలవాలి. 70 శాతంలోని అదనం ఈ తరుగుదలకు ముందుగా కట్టిన మూల్యం.

ఒక ఊహాత్మక లెక్కతో ఇది స్పష్టమవుతుంది. నూరు కుక్కలున్న పేటలో 70 కుక్కలకు టీకా వేశారనుకొందాం. అందులో 90 శాతానికి మందు పడితే రక్షణ పొందినవి 63. ఏడాదిలో 40 శాతం కుక్కల స్థానంలో కొత్తవి వస్తే, చివరకు రక్షణతో మిగిలేవి సుమారు 38. ఇది మూడోవంతు కంటే ఎక్కువ. అదే 70 కుక్కలలో 70 శాతానికి మాత్రమే మందు పడితే రక్షణ పొందినవి 49, ఏడాది చివర మిగిలేవి సుమారు 29. గొలుసు తెగదు. రెండు పేటల నివేదికలలోనూ 70 అనే అంకే ఉంటుంది. ఒక పేటలో వ్యాధి ఆగుతుంది, రెండోదానిలో కొనసాగుతుంది. మోతాదుల లెక్క ఈ తేడాను చూపలేదు.

3. మందు పట్టకపోవడానికి కారణాలు

నేటి నిర్వీర్య రేబీస్ టీకాలు బలహీనమైనవి కావు. లోపం ఎక్కువగా సీసా నుంచి కుక్క వరకు సాగే దారిలో ఉంటుంది. ఈ టీకాలను సాధారణంగా 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య భద్రపరచాలి. వేడి గురించి సిబ్బందికి తెలిసినంతగా గడ్డకట్టడం గురించి తెలియదు. అల్యూమినియం లవణాలు కలిసిన టీకా గడ్డకడితే ఆ కణాలు ముద్దకట్టి మందు శక్తి తగ్గుతుంది. మంచుగడ్డలకు నేరుగా ఆనించి తీసుకుపోయిన సీసా చూడటానికి భద్రంగానే ఉంటుంది.

రెండవది వయస్సు. తల్లి నుంచి కూనకు సంక్రమించే ప్రతిరక్షకాలు టీకా పనిని అడ్డుకోగలవు. పార్వో, డిస్టెంపర్ వ్యాధుల విషయంలో ఇది ప్రధాన సమస్య. అందుకే అంతర్జాతీయ పశువైద్య మార్గదర్శకాలు కూనలకు వేసే వరుస టీకాలలో చివరిది 16 వారాల వయస్సులో గాని, ఆ తరువాత గాని ఉండాలంటాయి. పెంపుడు కుక్కల యజమానులు తొలి ఒకటి రెండు మోతాదులతో ఆపివేయడం వల్ల, టీకా వేయించినా కూన పార్వోకు బలి కావచ్చు. అయితే ఈ తర్కాన్ని వీధి కూనల రేబీస్ టీకాకు యథాతథంగా అన్వయించడం పొరపాటు. టీకా ఎరుగని తల్లికి పుట్టిన కూనలో అడ్డుపడే ప్రతిరక్షకాలే ఉండవు. దక్షిణాఫ్రికా, ఇండోనేషియాలలో జరిగిన పరిశీలనలో మూడు నెలలలోపు కూనలు కూడా రేబీస్ టీకాకు తగినట్లు స్పందించాయి. సామూహిక కార్యక్రమాలలో కూనలను వదలవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. పిల్లలు ఎత్తుకొని ఆడించేది కూనలనే గనుక వాటిని మినహాయించడం మరింత ప్రమాదకరం.

మూడవది పునరావృతి. తొలి మోతాదు తరువాత రక్తంలోని ప్రతిరక్షకాలు కొన్ని నెలలలోనే తగ్గవచ్చు. మలి మోతాదు శరీరంలోని స్మృతికణాలను మేల్కొలిపి, మరింత బలమైన, దీర్ఘమైన స్పందనను కలిగిస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లు అనే ప్రమాణం స్పందన ఉందని గుర్తించడానికి ఉపకరిస్తుంది. అంతకంటే తక్కువ ఉన్న ప్రతి కుక్కా రక్షణ లేనిదని భావించరాదు. స్మృతికణాల రక్షణను రక్తపరీక్ష పూర్తిగా చూపలేదు.

4. జనన నియంత్రణతో ముడిపడిన టీకా

2001 నాటి నియమాల స్థానంలో వచ్చిన 2023 నియమాలు కుక్కను పట్టి, శస్త్రచికిత్స చేసి, రేబీస్ టీకా వేసి, తిరిగి అదే చోట వదలాలంటాయి. మానవీయంగానూ, పర్యావరణ దృష్టిలోనూ ఇందులో ఔచిత్యం ఉంది. సంతానం తగ్గితే కొత్త కుక్కల రాక తగ్గి, టీకా పొందిన కుక్కల శాతం ఎక్కువకాలం నిలుస్తుంది. శస్త్రచికిత్స వేళ టీకా వేయడం శాస్త్రవిరుద్ధమూ కాదు.

విమర్శకు గురికావలసింది ఆ రెంటినీ ఒకే పనిగా చూసే ఆచరణ. శస్త్రచికిత్స జీవితంలో ఒకసారి చేస్తే చాలు. టీకా అలా కాదు. చెవి కొసన వేసిన కోత ఆ కుక్కకు శస్త్రచికిత్స జరిగిందని జీవితాంతం చెబుతుంది. టీకా గడువు తీరిందో లేదో చెప్పదు. పైగా చెవికోత ఉన్న కుక్కను మళ్లీ పట్టవలసిన పని లేదనుకొనే అవకాశం ఉంది. శస్త్రచికిత్స ఖరీదైనది, నెమ్మదిగా సాగేది. టీకా వేగం దానికి కట్టుబడితే, ఏడాదిలో 70 శాతాన్ని చేరడం దుస్సాధ్యమవుతుంది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు తరువాత చర్చ అంతా కుక్కలను వదలాలా, బంధించాలా అన్న అంశం చుట్టూ తిరిగింది. వదలిన కుక్కకు మరుసటి ఏడాది టీకా ఎవరు వేస్తారన్న ప్రశ్న ఆ సందడిలో వెనుకబడింది.

5. ఆచరణీయమైన నమూనాలు

గోవా అనుభవం ఇక్కడ గమనార్హం. మిషన్ రేబీస్ సంస్థ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 2013 నుంచి అక్కడ శునకాల టీకా కార్యక్రమం నడుపుతున్నాయి. టీకాను శస్త్రచికిత్సా కేంద్రానికి పరిమితం చేయక, బృందాలు వీధులలోకి వెళ్లి వలలతో పట్టి అక్కడికక్కడే టీకా వేశాయి. ప్రతి కుక్క వివరమూ ఫోన్ అనువర్తనంలో స్థలంతో సహా నమోదైంది. ఏ వీధి మిగిలిపోయిందో ఆ సాయంత్రానికే తెలిసింది. శునకాలలో రేబీస్ కేసులు 92 శాతం తగ్గినట్లు 2022లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. దీనితోపాటు వ్యాధి నిఘా, పాఠశాలలలో అవగాహన బోధన కూడా సాగాయి.

శీతల గొలుసు విషయంలో టాంజానియా పరిశోధన మార్గం చూపింది. ఒక నిర్వీర్య టీకాను 25 డిగ్రీల వద్ద ఆరు నెలలు, 30 డిగ్రీల వద్ద మూడు నెలలు ఉంచిన తరువాత కూడా కుక్కలలో స్పందన తగ్గలేదని 2016లో తేలింది. దాని ఆధారంగా మట్టికుండ చల్లదనం సూత్రంతో పనిచేసే నిల్వపాత్రలను అక్కడ రూపొందించారు. ఈ ఫలితం ఆ టీకాకే వర్తిస్తుంది. ప్రతి టీకాకూ విడిగా నిరూపణ కావాలి. శునకాల టీకాలు తయారుచేసే సంస్థలున్న హైదరాబాదు వంటి నగరానికి ఇది తగిన పరిశోధనాంశం.

6. ముగింపు

ప్రతి కుక్కకూ రక్తపరీక్ష చేయడం అసాధ్యం, అనవసరం కూడా. టీకా వేసిన రోజున కుక్కలకు చెరిగిపోయే రంగు గుర్తు పెట్టి, మరునాడు వీధులలో గుర్తున్నవీ లేనివీ లెక్కించడం తక్కువ ఖర్చుతో అయ్యే పని. కొద్ది కుక్కల నమూనాలు పరీక్షిస్తే మందు పట్టిన తీరు తెలుస్తుంది. శస్త్రచికిత్స లెక్కనూ, ఏటి టీకా లెక్కనూ వేర్వేరుగా ప్రకటించడం, కూనలను చేర్చడం, చెవికోత ఉన్న కుక్కలకు మళ్లీ టీకా వేయడం, సీసాల ఉష్ణోగ్రతను నమోదు చేయడం అనే నాలుగు మార్పులకు కొత్త చట్టం అక్కరలేదు. ఇన్ని వేల కుక్కలకు టీకా వేశామన్న వాక్యంతో నివేదిక ముగుస్తున్నంతకాలం, ఆ కుక్కలలో ఎన్నింటికి రక్షణ మిగిలి ఉందో కాటు జరిగిన తరువాతనే తెలుస్తుంది. 2030 లక్ష్యాన్ని ప్రకటించిన ప్రణాళిక, సామెత సూచించిన పాతదారిని దాటిందో లేదో నిర్ణయించేది మోతాదుల సంఖ్య కాదు, ఏడాది చివర వీధిలో మిగిలిన రక్షణ.