లోహానికీ నాగానికీ ఉన్న చుట్టరికం

కాల్పనిక ప్రపంచాలలో సాగే రోల్‌ప్లేయింగ్ ఆటలకు ఆదిగ్రంథం అనదగినది గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌లు 1974లో వెలువరించిన డన్జన్స్ అండ్ డ్రాగన్స్. అందులో లోహం పేరున్న డ్రాగన్ బంగారుది ఒక్కటే. 1975 నాటి గ్రేహాక్ అనుబంధం ఇత్తడి, రాగి, కంచు, వెండి డ్రాగన్లను చేర్చి, వాటికి ఒక ప్లాటినం రాజును నియమించింది. 1977లో మాన్‌స్టర్ మాన్యువల్ ఆ రాజుకు బహమూత్ అనీ, అతని శత్రువైన రంగుల డ్రాగన్ల రాణికి తియామత్ అనీ పేర్లు పెట్టింది. లోహవంశాలు మంచివి, రంగుల వంశాలు చెడ్డవి. ఈ ఏర్పాటులో లోహం నిజానికి చేస్తున్న పని ఏమిటన్నదే ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

ఆ ఆటలో చెలామణి అయ్యే నాణేల వరస రాగి, వెండి, ఎలక్ట్రమ్, బంగారం, ప్లాటినం. డ్రాగన్ల అంతస్తులూ ఇంచుమించు ఇవే. ఇత్తడి డ్రాగన్ వాచాలి, రాగి డ్రాగన్ హాస్యప్రియం, బంగారు డ్రాగన్ జ్ఞాని. అంటే ఇక్కడ లోహం ధరను సూచిస్తోందే తప్ప స్వభావాన్ని కాదు. న్యాయంగా చెప్పాలంటే ఒక మినహాయింపు ఉంది. తరవాతి కూర్పులలో రాగి డ్రాగన్ పొలుసులకు వయసుతో పచ్చదనం వస్తుంది. ఇది రాగిని ఎరిగినవారి ఊహ. కాని పచ్చ డ్రాగన్ పుట్టుకతోనే దుష్టమైన ఆ లోకంలో, చిలుము పట్టిన రాగి ఏ పక్షం? వర్గీకరణ ఈ ప్రశ్నను దాటవేస్తుంది.

పేర్ల విషయంలో చిక్కు ఇంకా లోతైనది. తియామత్ బాబిలోనియా సృష్టికావ్యంలోని ఉప్పునీటి సముద్రం. బహమూత్ 13వ శతాబ్దపు పండితుడు అల్ కజ్వీనీ అరబ్బీలో వర్ణించిన మహామత్స్యం. భూమిని మోసే దేవదూతకు కింద శిల, శిలకు కింద ఎద్దు, ఎద్దుకు కింద ఈ చేప. మన పురాణాలలో ఆదిశేషుడు చేసే పని అది. అన్నిటికన్నా అడుగున ఉండి లోకాన్ని మోసేదాన్ని ఆట అన్నిటికన్నా పైన కూర్చోబెట్టింది. కజ్వీనీ ఎరుగని ప్లాటినాన్ని దానికి తొడిగింది. పేరు మిగిలింది, దాని అర్థం పోయింది.

ఈ రెండు పేర్లూ పశ్చిమాసియా నుంచి తెచ్చుకున్నవే కనుక, ఆ ప్రాంతం లోహాన్నీ సర్పాన్నీ ఎలా జతచేసిందో చూడాలి. అందుకు ఒమాన్‌ను మించిన చోటు లేదు. సుమేరు పలకలలోని మగన్ ఈ దేశమేనని పండితుల సాధారణాభిప్రాయం. క్రీ.పూ. 3వ సహస్రాబ్దిలో మెసొపొటేమియాకు రాగి ఇక్కడినుంచే వెళ్ళింది. మెలుహ్హా, మగన్, దిల్మున్ ఓడలు తన రేవులో ఆగాయని అక్కాద్ రాజు సార్గాన్ చెప్పుకున్నాడు. సోహార్ వెనకనున్న లోయలలో రాగి కరిగించగా మిగిలిన చిట్టెం గుట్టలు నేటికీ కనిపిస్తాయి. క్రీ.పూ. 1వ సహస్రాబ్ది తొలినాళ్ళలో ఈ రాగినేల మీదే కంచు పాములు వెలిశాయి. బహ్లా సమీపంలోని సలూత్‌లోను, సరిహద్దుకు అవతల బిత్నాలోను అవి దొరికాయి. అవి ఏదో ఆరాధనకు సంబంధించినవని పురావస్తు పండితుల ఊహ. ఆ పాముల పేరు చెప్పే శాసనం మాత్రం లేదు.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. ఒమాన్ కొండలలో రాగి ఉంది, తగరం లేదు. కంచు కావాలంటే తగరం బయటినుంచి రావలసిందే. కంచు పాము స్థానికురాలైన తల్లికీ, దూరం నుంచి వచ్చిన తండ్రికీ పుట్టిన బిడ్డ. లోహాల మధ్య సహజంగా ఉన్నది ఇటువంటి చుట్టరికమే, నాణేల అంతస్తు కాదు. రాగి, తగరం కలిస్తే కంచు. రాగి, తుత్తునాగం కలిస్తే ఇత్తడి. ఈ రెండు వంశాలకూ మాతృమూర్తి, ఆటలో అట్టడుగు నాణెమైన రాగి.

తెలుగులో లోహనాగులకు పేర్లు పెట్టదలచినవారికి భాషే సగం పని చేసిపెట్టింది. వైద్యగ్రంథాలలో నాగమంటే సీసం. నాగభస్మం సీసపు భస్మమే. తుత్తునాగం అనే మాట వ్యుత్పత్తి ఏదైనా, తెలుగు చెవికి అందులో నాగు వినిపిస్తుంది. బైబిలు అనువాదకులు డ్రాగన్‌కు ఘటసర్పమనే పేరును ఏనాడో స్థిరపరిచారు. కంచుకంఠమన్న మాట ఉన్న భాషలో కంచునాగుకు గుర్తు దాని గొంతే కావాలి. పుత్తడికీ ఇత్తడికీ ఉన్న ప్రాస, ఇత్తడినాగును జీవితమంతా బంగారమని పొరబడే లోకంలో నిలబెడుతుంది. రాగినాగు ముసలిదై చిలుము పట్టడం పతనం కాదు, వయసు. ఇందులో ఏ వంశమూ పుట్టుకతో మంచిదో చెడ్డదో కానక్కరలేదు.

మస్కట్‌లోనో డాలస్‌లోనో పెరిగే తెలుగు పిల్లలకు బహమూత్ ముందుగా ఒక ప్లాటినం రాజుగానే పరిచయమవుతాడు. లోకాన్ని మోసిన చేప వారిదాకా రాదు. అరువు పేరు నేరం కాదు. పాత కథలన్నీ అలా చేతులు మారినవే. కాని పేరును తెచ్చుకునేటప్పుడు అది మోస్తున్న బరువును కూడా తెచ్చుకోవాలి. సలూత్ పాములు మూడు వేల ఏళ్ళుగా పేరులేకుండానే ఉన్నాయి. వాటికి పేరు పెట్టబోయేవారు అవి ఏ గనిలోని రాగో, ఏ ఓడలో వచ్చిన తగరమో ముందు అడగాలి.