అచ్చులోని పువ్వు, తెర మీది గీత

పెడనలో కలంకారీ అద్దకానికి వాడే టేకు అచ్చును చేతిలోకి తీసుకుంటే ముందు బరువు తెలుస్తుంది, ఆ తర్వాత అరుగుదల కనిపిస్తుంది. ఏళ్ల తరబడి గుడ్డ మీద మోదగా మోదగా రేకుల అంచులు మొద్దుబారిపోతాయి. ఆ పువ్వును భద్రపరచడానికి ఒక ఫొటో తీసి పెట్టుకుంటే చాలదా అంటారు. చాలదు. ఫొటోలో ఉండేది అచ్చు మీద పడిన వెలుతురు. చెక్కినవాడి గీతను అందులోంచి మనమే వెతికి తీయాలి.

ఆ వెతుకులాటకు జేపెగ్ బొమ్మ సరిపోదు, కెమెరా ఇచ్చే రా ఫైలే కావాలి. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. 14 బిట్ల రా ఫైలులో 16,384 ఉంటాయి. ఇనుము, బెల్లం ఊరబెట్టి చేసిన నలుపు, దాని పక్కనే ముదురు ఎరుపు ఉన్న గుడ్డను జేపెగ్‌లో తీస్తే నీడపట్టున రెండూ కలిసిపోతాయి. రా ఫైలును డార్క్‌టేబుల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి నీడల్ని కాస్త పైకి లేపితే వాటి మధ్య హద్దు బయటపడుతుంది.

ఫొటో తీసేటప్పుడే సగం పని అయిపోవాలి. గుడ్డకైతే రెండు వైపుల నుంచీ సమానమైన వెలుతురు కావాలి. చెక్క అచ్చుకైతే ఒక పక్క నుంచి, బాగా కింది నుంచి పడాలి, అప్పుడే చెక్కడపు లోతు తెలుస్తుంది. కెమెరా ఏమాత్రం వాలినా గుండ్రటి పువ్వు కోడిగుడ్డులా వస్తుంది. ఇంకొక సంగతి చాలామంది మరిచిపోతారు: అచ్చు మీది బొమ్మ గుడ్డ మీద కుడిఎడమలు మారి పడుతుంది. కాబట్టి అచ్చు ఫొటోను అద్దంలో చూసినట్టు తిప్పాలి.

ఇక గీత తీయడం. ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో బిట్‌మ్యాప్ ట్రేస్ నొక్కితే పీటర్ సెలింగర్ రాసిన పోట్రేస్ అనే ప్రోగ్రామ్ పనిచేస్తుంది. నలుపు తెలుపుల హద్దు వెంట నడిచి దాన్ని వంపులుగా మారుస్తుంది. కానీ దానికి పువ్వూ నేతా ఒకటే. నూలు పోగుల మధ్య సందులన్నీ చుక్కలై, ఒక్క రేకు చుట్టూ వందల బిందువులు పుట్టుకొస్తాయి. ముందే బొమ్మను కొద్దిగా మసకబార్చి, చిన్న మచ్చల్ని వదిలేయమని చెబితే కొంత నయం. నా మట్టుకు యంత్రం గీసినదాన్ని కింద పరుచుకుని, దాని మీద బెజియర్ పెన్నుతో మళ్లీ చేత్తోనే గీస్తాను. రెనో కార్ల కంపెనీలో పియర్ బెజియర్ ప్రాచుర్యంలోకి తెచ్చిన ఈ వంపుకు రెండు కొసలు, రెండు పిడులు చాలు. రేకు మలుపు తిరిగే చోట మాత్రమే బిందువు పెడితే గీత చెయ్యి తిరిగినట్టే వస్తుంది.

రంగుల విషయంలో పెడన పద్ధతే మనకు దారి. అక్కడ బయటి గీతకు ఒక అచ్చు, లోపల నింపే ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. ఇలా గీసినదాన్ని దాచే ఎస్‌వీజీ ఫైలులోనూ అలాగే గీత ఒక పొర, ఎరుపు ఒక పొర. (నిజానికి ఎరుపు అచ్చు అద్దేది పటికను, ఎరుపు తేలేది రంగులో ఉడికించాకే.) ఎస్‌వీజీ అంటే చివరికి అక్షరాల్లో రాసిన ఆకార వర్ణన. అందుకే అదే పువ్వును జేబురుమాలు మూలనైనా, గోడంత తెర మీదైనా అంచు చెదరకుండా వేయొచ్చు. ఫొటోను అలాగే ఎస్‌వీజీలో అతికించి ఇచ్చేవాళ్లూ ఉన్నారు, దాన్ని పెంచి చూస్తే గళ్లు గళ్లుగా విడిపోతుంది. ముఖాల ఫొటోలకు మాత్రం ఈ శ్రమ వద్దు. చర్మం మీద మెల్లగా మారే వెలుతురు గీతల్లో ఇమడదు.

చివరికి ఒక తీర్పు మిగులుతుంది. అచ్చులో ఒక రేకు కొస విరిగి ఉంటే దాన్ని పూరించాలా, విరిగినట్టే గీయాలా? నేను రెండూ గీస్తాను. విరిగిన రేకును ఒక పొరలో ఉన్నదున్నట్టు ఉంచి, పూరించినదాన్ని వేరే పొరలో పెడతాను. రా ఫైలును మాత్రం చెరపను. నాకంటే బాగా చూడగలిగినవాళ్లు రేపు అందులోంచే మళ్లీ మొదలుపెట్టాలి.